ఎర్రగుడ్డ వేసిన గేర్‌బాక్సు

మా షెడ్డులో ఒక అలవాటు ఉంది. బల్ల మీద రెండు గేర్‌బాక్సులు పెట్టి ఏది బిగించమంటారని అడిగితే, నేను భుజం మీది ఎర్రగుడ్డ తీసి ఒకదాని మీద వేస్తాను. గుడ్డ పడ్డదే బండి కిందకి పోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. నేనూ చెప్పను.

నలభై ఏళ్ళుగా ఇదే వరస. కావాలని పెట్టుకున్నది కాదు. నాకు మాటలు తక్కువ. చేతిలో గుడ్డ ఉంది. అట్లా కుదిరిపోయింది.

"మా బావ నోటికి తుప్పు పట్టింది. అందుకే గుడ్డతో కానిస్తాడు" అంటాడు మా బావమరిది. అతనికి పక్క వీధిలో విడిభాగాల దుకాణం. పనికన్నా టీకే ఎక్కువసార్లు మా షెడ్డుకి వస్తాడు.

మా అబ్బాయి ఇంజన్లు కడతాడు. వాడిని ఊరంతా రేడియో అంటుంది. పొద్దున షట్టర్ ఎత్తినప్పుడు మొదలుపెడితే దించేదాకా ఆగడు. నా వాటా మాటలు కూడా వాడికే ఇచ్చేశానని మా ఆవిడ అంటుంది.

వాడి భార్య, అంటే మా కోడలు, లిఫ్టుల మెకానిక్. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు మధ్యలో ఆగిపోతే పిలుపు ఆమెకే వస్తుంది. వారమంతా లిఫ్టులు బాగుచేస్తుంది, ఆదివారం గున్నని తోలుతుంది.

గున్న అంటే మా ఇంటి కారు. రెండు తలుపులది, పాతది, ఒళ్ళు బరువైనది. ఎనిమిది సిలిండర్ల ఇంజన్. రేడియో దానికి టర్బో తగిలించాక ఏడు వందల హార్స్ పవర్ అయింది. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు గలగలమంటాయి.

ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఉంది. అక్కడ పావు మైలు పరుగులు పెడతారు. పావు మైలు పదకొండు సెకన్ల లోపు దాటిన బండి నంబరు అక్కడి గది గోడ మీద పెయింటుతో రాస్తారు. రెండేళ్ళలో మళ్ళీ దాటకపోతే సున్నం కొట్టేస్తారు. మా కోడలి నంబరు నలభై ఒకటి. గోడ మీద అది ఒక్కటే ఆడమనిషి నంబరు.

రాయించుకున్న మూడో నెలలో ఆమె లిఫ్టు గుంతలో జారి పడింది. ఎడమ చీలమండలో ఇనుప పట్టీ వేశారు. నడుస్తుంది, మెట్లెక్కుతుంది, కానీ పాదం పూర్తిగా వంగదు. గున్న క్లచ్చేమో రాయిలా గట్టిది. దాన్ని తొక్కడం ఇక ఆమె వల్ల కాదు.

"రేడియోని పక్కన కూర్చోబెట్టుకుని వాడి చేత క్లచ్చు తొక్కించు, అమ్మాయ్" అన్నాడు బావమరిది.

"ఆయన మాటల్లో పడి తొక్కడం మర్చిపోతాడు, బాబాయ్" అంది కోడలు.

నవ్వింది గానీ, రెండేళ్ళ గడువు వచ్చే ఆదివారంతో అయిపోతుందని అందరికీ తెలుసు. సోమవారం పొద్దున సున్నం బకెట్టు వస్తుంది. అందుకే గున్నకి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టాలనుకున్నాం. క్లచ్చు పెడలే ఉండదు. కుడికాలు ఒక్కటి చాలు.

ఏ ఆటోమేటిక్ అన్నదే చిక్కు.

బల్ల మీద రెండు తెచ్చి పెట్టాం. ఒకటి పాత మూడు గేర్లది. దాని లోపల ఉన్న ప్రతి పలకా, ప్రతి స్ప్రింగూ నా వేళ్ళకి తెలుసు. కళ్ళు మూసుకుని విప్పి బిగించగలను. వైర్లు లేవు, కంప్యూటర్ లేదు. నూనె ఒత్తిడితోనే గేర్లు మారతాయి. ఏడు వందలు కాదు, వెయ్యి హార్స్ పవర్ ఇచ్చినా మోస్తుంది.

రెండోది ఎనిమిది గేర్లది, కొత్త రకం. రెప్పపాటులో గేరు మారుతుందట. ఏ గేరు ఎప్పుడు మారాలో ఒక చిన్న కంప్యూటర్ చెబుతుంది. ఆ కంప్యూటర్‌కి ఎవరో ఒకరు ముందు నేర్పాలి. దాని పొట్ట కింది నూనె తొట్టి కూడా ఇనుము కాదు, ప్లాస్టిక్.

నాకు తెలియనిది చెడ్డదని నేననను. కానీ తెలియనిదాని మీద గుడ్డ వెయ్యడానికి చెయ్యి రాలేదు.

గురువారం సాయంత్రం కోడలు ఆ ఎనిమిది గేర్లదాని పక్కన చాలాసేపు నిలబడింది. దాని వైర్ల మూతి మీద వేలు పెట్టి, "మామయ్యా, ఇది మా లిఫ్టు కంట్రోలరు లాంటిదే. మెల్లగా బయలుదేరమనాలి, తర్వాత జోరందుకోమనాలి, కుదుపు లేకుండా మారమనాలి. రోజూ నేను చేసే పనే" అంది.

ఇది కావాలని మాత్రం అనలేదు. గుడ్డకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

నేను గుడ్డ తీసి పాత మూడు గేర్లదాని మీద వేసి ఇంట్లోకి వెళ్ళిపోయాను. ఇల్లు షెడ్డు వెనకే. కోడలు అప్పటికే స్నానానికి వెళ్ళింది. రేడియో వీధిలో ఎవరికో ఇంజన్ గురించి చెబుతున్నాడు. గుడ్డ పడటం ఎవరూ చూడలేదు. చూడాల్సిన పనేముంది, పొద్దున అక్కడే ఉంటుంది కదా.

శుక్రవారం పొద్దున్నే బావమరిది నన్ను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కళ్ళలో చుక్కలు వేశారు. నల్లద్దాలు పెట్టి పంపారు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నాకు మనుషులు మసక మసకగా, బళ్ళు రంగు మరకల్లాగా కనబడుతున్నాయి.

షెడ్డు గుమ్మంలోనే రేడియో గొంతు వినిపించింది. గున్న జాకీల మీద ఉంది. వాడు కింద పడుకుని, బాక్సు ఇంజన్‌కి ఆనించి బోల్టులు తిప్పుతూ, ఎవరో స్నేహితుడి పెళ్ళికారు దారిలో ఎలా ఆగిపోయిందో చెబుతున్నాడు. కోడలు దీపం పట్టుకుని ఉంది.

బోల్టు తిరుగుతున్న చప్పుడు నా చెవిన పడింది. అది తిరగడం కాదు, మూలగడం.

"ఆపు!" అన్నాను.

అన్నాను కాదు, అరిచాను. రేడియో చేతిలో స్పానర్ వాడి ఛాతీ మీద పడింది. కోడలు దీపం వదిలేసింది. బావమరిది నా వెనక రెండడుగులు వెనక్కి గెంతాడు.

"నాన్నా, నువ్వేనా?" అన్నాడు రేడియో బండి కింద నుంచి.

ఎందుకు అరిచానో చెప్పాలి. ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ బాక్సుకీ మధ్య కన్వర్టర్ అని గుమ్మడికాయంత డబ్బా ఉంటుంది. అందులో నూనె తిరిగి బలాన్ని అందిస్తుంది. దాన్ని బాక్సులోకి తోసేటప్పుడు కొద్దికొద్దిగా తిప్పుతూ తొయ్యాలి. టక్‌మని ఒకసారి, టక్‌మని రెండోసారి, టక్‌మని మూడోసారి లోపలికి దిగాలి. మూడోది వినపడేదాకా షెడ్డులో ఎవరూ నోరెత్తకూడదు. ఇదీ మా అలవాటే. మూడోసారి దిగకుండా బోల్టులతో లాగితే లోపలి నూనె పంపు పగులుతుంది. పంపు పగిలితే బాక్సు చచ్చినట్టే.

"ఎన్ని టక్కులు విన్నావు?" అన్నాను.

"మూడు."

కోడలు వాడి వైపు తిరిగింది. "రెండు. మూడోది వచ్చే సమయానికి మీరు పెళ్ళికొడుకుని బండి తోయించడంలో ఉన్నారు."

"నువ్వైనా చెప్పచ్చుగా!"

"మీరు సందిస్తేగా!"

బాక్సు వెనక్కి దించారు. నేను కింద కూర్చుని కన్వర్టర్ మీద రెండు చేతులూ వేసి తిప్పాను. అందరూ ఊపిరి బిగబట్టారు. రేడియో రెండు చేతులతో నోరు మూసుకున్నాడని బావమరిది తర్వాత చెప్పాడు. మెల్లగా తిరిగి, తిరిగి, టక్‌మంది. పిల్లి అడుగంత చప్పుడు. పంపు దక్కింది.

అప్పుడు చెయ్యి కిందికి జారింది. ఇనుప తొట్టి గరుకు తగలాల్సిన చోట నున్నగా, వెచ్చగా ప్లాస్టిక్ తగిలింది.

మళ్ళీ తడిమాను. ప్లాస్టిక్కే.

"ఇదేది?" అన్నాను.

"నువ్వు చెప్పిందే, నాన్నా. ఎనిమిది గేర్లది. పొద్దున చూస్తే గుడ్డ దీని మీదే ఉంది."

కోడలు నా పక్కన కూర్చుంది. నా గుడ్డ తెచ్చి చేతిలో పెట్టింది. సబ్బు వాసన వేసింది. అప్పుడు దాని గురించి ఆలోచించే స్థితిలో లేను.

"మామయ్యా, నేను నోరు తెరిచి అడగలేదు. నా మనసులో మాట మీరెలా కనిపెట్టారు?" అంది. "మూడు గేర్లదాని మీదే వేస్తారని రాత్రంతా అనుకున్నాను. పొద్దున గుడ్డ చూసి గంతులేశాను. ఈ కాలితో."

గురువారం సాయంత్రం గుడ్డ పాతదాని మీదే వేశానా? వేశాననే గుర్తు. మరి ఇదేమిటి? వయసు మీద పడి చెయ్యి ఒకటి చేసి బుర్ర ఒకటి అనుకుంటోందా?

చెప్పేద్దామనుకున్నాను. మసకలో ఆమె మొహం కనబడలేదు గానీ, నవ్వుతోందని తెలుస్తోంది. నీళ్ళు నమిలాను. నేను నీళ్ళు నమలడానికీ మామూలుగా ఉండటానికీ తేడా ఎవరికీ తెలియదు కాబట్టి బయటపడలేదు.

"బిగించండి" అన్నాను.

ఆ రోజూ శనివారమూ ఆమె ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని గున్నలో కూర్చుని బాక్సుకి పాఠాలు చెప్పింది. నేను పక్క సీట్లో కూర్చుని విన్నాను. ప్రతి గేరూ మారే చప్పుడు విని, బాగుంటే తల ఊపాను, బాగాలేకపోతే ఊపలేదు. శనివారం సాయంత్రానికి ఎనిమిది గేర్లూ వెన్నలో కత్తిలా మారుతున్నాయి. నాకు ఆ బాక్సు మీద కోపం పోయింది. భయం పోలేదు.

ఆదివారం రన్‌వే మీద ఎండ కాస్తోంది. ఒక్కో బండికి మూడు పరుగులు. గది గోడ దగ్గర పెయింటరు స్టూలేసుకుని కూర్చున్నాడు. అతని ఒక పక్క పెయింటు డబ్బా, ఇంకో పక్క సున్నం బకెట్టు.

"రెండూ తెచ్చుకున్నావేం?" అన్నాడు బావమరిది.

"సున్నం రేపటికి. పెయింటు ఇవాళ్టికి. మీరు ఏది వాడిస్తే అది."

మొదటి పరుగు. గున్న గర్జించింది. పచ్చదీపం వెలగ్గానే వెనక చక్రాలు అక్కడే గింగిరాలు తిరిగాయి. పొగ తప్ప బండి కనబడలేదు. పొగలోంచి బయటపడి పరిగెత్తేసరికి ఆలస్యమైంది. పదకొండు పాయింట్ నాలుగు రెండు.

రెండో పరుగుకి ఆమె యాక్సిలరేటర్ సగమే తొక్కి బయలుదేరింది. చక్రాలు తక్కువ తిరిగాయి, బండి కూడా తక్కువే లేచింది. పదకొండు పాయింట్ ఒకటి తొమ్మిది.

"టైర్లలో గాలి తగ్గిద్దాం, టర్బో తగ్గిద్దాం, వెనక బరువు పెడదాం, మా మేనమామని డిక్కీలో పడుకోబెడదాం" అంటూ రేడియో బండి చుట్టూ తిరుగుతున్నాడు.

"ముందు నిన్ను పడుకోబెడితే ఆ గాలి కూడా తగ్గుతుంది" అన్నాడు బావమరిది.

కోడలు దిగలేదు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని స్టీరింగ్ వైపే చూస్తోంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"బాక్సు మంచిదే, మామయ్యా" అంది. "మీరు నమ్మి గుడ్డ వేశారు. నేనే దాన్ని సరిగ్గా వాడుకోలేకపోతున్నాను. నంబరు పోతే పోయింది. మీ మాట పోగొడుతున్నాననే బాధ."

అది నేను భరించలేకపోయాను.

"నేను వెయ్యలేదు" అన్నాను.

"ఏంటి?"

"గుడ్డ. ఎనిమిదిదాని మీద నేను వెయ్యలేదు. మూడు గేర్లదాని మీద వేశాను. ఎట్లా మారిందో తెలియదు. నీ సంబరం విన్నాక చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. కళ్ళు పెద్దవి చేసి, "అయితే మూడు రోజుల్నించి మీ పరువు మోస్తున్నాననుకుని నా నడుం విరుగుతోంది, అది ఉత్తిదేనా?" అని పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని అడిగింది: "సరే, మామయ్యా. ఆ పాతదాని మీద ఎందుకు వేశారు?"

నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"గట్టిది కదా" అన్నాను.

"ఇదీ గట్టిదేగా. ఇంకా?"

ఆలోచించాను. చేతులకి తెలిసినదాన్ని నోటితో చెప్పడం కష్టం. "దాని మొదటి గేరు పొడుగు" అన్నాను. "ఒక్కసారిగా విరుచుకుపడదు. సాగదీసి లాగుతుంది. గున్నకి బలం ముందే ఎక్కువ. మొదటి గేరు పొట్టిదైతే ఆ బలమంతా ఒక్కసారి చక్రం మీద పడుతుంది. చక్రం నేలని పట్టుకోదు, గీకుతుంది. అందుకని..."

నేను ఆగాను. ఇద్దరం గేరు మీట వైపు చూశాం.

"దీనికి ఎనిమిది ఉన్నాయి" అంది ఆమె మెల్లగా.

"ఊఁ."

"రెండోది మీ పాతదాని మొదటిదానికి దగ్గరగా ఉంటుందా?"

మనసులో గేర్ల పళ్ళు లెక్కపెట్టుకున్నాను. "కాస్త పొట్టి. కానీ చాలు. మొదటిదాన్ని మర్చిపో. రెండోదాంట్లో బయలుదేరు. కాలు పూర్తిగా తొక్కు."

"మామయ్యా, గుడ్డ ఏది కావాలో చెబుతుంది. ఎందుకో చెప్పదు" అంటూనే లాప్‌టాప్ తీసింది. రేడియో పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఏం చేస్తున్నారు? నాకెవరూ చెప్పరేం?"

"మామయ్య మాట్లాడారు" అంది ఆమె టైపు చేస్తూ.

రేడియో నా మొహం చూశాడు. మొదటిసారి వాడికి మాట రాలేదు.

మూడో పరుగుకి గున్నని గీత దగ్గరికి తెచ్చింది. ఇంజన్ చప్పుడు బిగిసింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు చెవులతో చూడటమే నయం. దీపం మారినట్టు జనం అరుపు చెప్పింది. చక్రాలు ఒక్కసారి కీచుమన్నాయి, అంతే, నేలని కరిచాయి. రెండు నుంచి మూడు. మూడు నుంచి నాలుగు. ఒక్కో గేరూ తలుపు గడియ పడ్డంత శుభ్రంగా పడింది. చప్పుడు దూరమై, సన్నమై, ఆగింది.

తర్వాత మైకులో చెప్పారు. పది పాయింట్ తొమ్మిది ఆరు.

బావమరిది నన్ను ఎత్తి గిరగిరా తిప్పబోయి, నడుం పట్టేసి, సగంలో దించాడు. రేడియో వాగుడు మళ్ళీ మొదలైంది, ఈసారి ఏడుపుతో కలిపి. పెయింటరు స్టూలు మీదెక్కి, నలభై ఒకటి మీద కొత్త రంగు వేశాడు. కోడలు కుంటుకుంటూ వచ్చి ఆ గోడ ముందు నిలబడి, తడి రంగుని వేలితో ముట్టుకుంది. పెయింటరు కసిరాడు. నాలుగు అంకె మీద ఆమె వేలిముద్ర ఇప్పటికీ ఉంది.

సాయంత్రం ఇంటి వెనక అరుగు మీద అందరం టీ తాగుతుంటే కోడలు గుడ్డ సంగతి ఎత్తింది. ఎవరు మార్చారన్నది తేలలేదు. రేడియో తన స్నేహితులందరినీ అనుమానించాడు. బావమరిది పిల్లిని అనుమానించాడు. నేను నన్నే అనుమానించాను గానీ చెప్పలేదు.

మా ఆవిడ కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చింది. కాసేపు విని, "ఏ గుడ్డ? ఆ ఎర్రదా?" అంది.

అందరం తలెత్తాం.

"గురువారం రాత్రి ఉతికి ఆరేశాను. ముట్టుకుంటే చేతికి జిగురు అంటుతోంది, ఛీ. తెల్లారి ఆరాక తెచ్చి బల్ల మీద దానిమీదే వేశానే."

"దేని మీద, అత్తయ్యా?"

"దాని మీదే. ఆ ఇనప ముద్ద మీద."

"రెండు ఇనప ముద్దలున్నాయి కదా!"

"ఉంటే? రెండూ ఒకలాగే ఉన్నాయి. ఒకటి కాస్త శుభ్రంగా కనబడింది. ఉతికిన గుడ్డ మురికిదాని మీద ఎవరేస్తారు?"

సబ్బు వాసన అప్పుడు గుర్తొచ్చింది. నా బుర్ర బాగానే ఉంది. మూడు రోజుల బరువు దిగిపోయింది.

బావమరిది పడీ పడీ నవ్వాడు. "ఊళ్ళో జనం మా బావ గుడ్డ కోసం వరసలో నిలబడతారు. మా అక్కయ్య ఉతికి ఆరేసి బాక్సు ఎంచేసింది!"

"నేను ఎంచిందే నెగ్గిందిగా, మరి ఇంకేం?" అంది మా ఆవిడ, కప్పులు పట్టుకుని లోపలికి వెళుతూ.

సోమవారం పొద్దున బావమరిది తన దుకాణం వ్యాను తెచ్చాడు. బరువేస్తే మిట్ట ఎక్కడం లేదట. బల్ల మీద దానికని రెండు బాక్సులు పెట్టాడు. "వెయ్యి బావా, గుడ్డ" అన్నాడు.

చెయ్యి భుజం మీదికి వెళ్ళింది. గున్న పక్కన పానా తుడుస్తున్న కోడలు తలెత్తి చూసింది. రేడియో కూడా నోరు మూసుకుని చూస్తున్నాడు.

గుడ్డ తీసి జేబులో పెట్టుకున్నాను.

"రెండూ వద్దు" అన్నాను. "బాక్సు బాగానే ఉంది. వెనక పాత సామాను రెండేళ్ళుగా మోస్తున్నావు. అది దించు, ఎక్కుతుంది."

"ఇంత చెప్పడానికి నలభై ఏళ్ళు పట్టిందా, బావా?" అన్నాడు.

కోడలు నవ్వింది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇంకా ఏమైనా అడుగుతారేమోనని.